సముద్ర జీవుల చిత్రణ, పర్యావరణ పరిశీలన

సముద్రంలో ఏ జీవి ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఏటికేడు పెరుగుతోందా తరుగుతోందా అన్నది ఒకే పద్ధతిలో చాలాకాలం పాటు చూసి రాసిపెట్టడాన్ని పర్యావరణ పరిశీలన అంటారు. ఆ పనిలో జీవిని గుర్తుపట్టడానికి, కొలవడానికి, తేలిన సంగతిని జనానికి చెప్పడానికి వాడే రేఖాచిత్రాలు, రంగుల పటాలు, ఫోటోలు, నమూనా బొమ్మలు, గణాంక చిత్రాలు అన్నీ సముద్ర జీవుల చిత్రణ కిందికి వస్తాయి. శాస్త్రజ్ఞుడు ముందు లెక్క తేలుస్తాడు, చిత్రకారుడు తర్వాత వచ్చి దానికి బొమ్మ వేస్తాడు అని చాలామంది అనుకుంటారు. నిజానికి బొమ్మే ముందు. జీవి ఏ జాతిదో చెప్పగలిగితేనే లెక్క మొదలవుతుంది. ఆ చెప్పడం నేర్పేది బొమ్మ. పటంలో ఒక ముల్లు తప్పితే లెక్కల పుస్తకంలో ఒక జాతి తప్పుతుంది.

నేల మీది జంతువుల విషయంలో ఈ చిక్కు ఇంతగా లేదు. పులిని, ఏనుగును బతికుండగా చూసినవాళ్లు ఎందరో ఉన్నారు. సముద్ర జీవుల్లో చాలావాటిని అవి బతికే చోటనే చూసినవాళ్లు బహు తక్కువ. వలలో పడి చచ్చినవి, ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉబ్బినవి, మందునీళ్ల సీసాలో రంగు వెలిసినవి చూసి బతికున్న జీవి రూపాన్ని పట్టుకోవలసి రావడమే ఈ కళకున్న అసలు కష్టం. దీని చరిత్రంతా ఆ కష్టాన్ని ఎవరెవరు ఎంత నిజాయితీగా ఎదుర్కొన్నారన్న చరిత్రే.

పటంలో చూడవలసినవి

శాస్త్రపటంలో చేప తల సాధారణంగా ఎడమవైపుకే ఉంటుంది. రెండు పుస్తకాల్లోని రెండు చేపలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఈ కట్టుబాటు పనికొస్తుంది. రెక్కలన్నీ విప్పి గీస్తారు. ప్రతి రెక్కలోనూ గట్టి ముళ్లెన్ని, మెత్తని కిరణాలెన్ని అన్నది చూసేవాడు లెక్కపెట్టుకోగలగాలి. ఒంటి పక్కన పొడుగునా సాగే పార్శ్వరేఖ ఎక్కడ వంగిందో, దాని మీద పొలుసులెన్నో కూడా తేలాలి. పక్కన కొలతగీత ఉండాలి. అది లేకపోతే జానెడు చేపకూ బారెడు చేపకూ తేడా తెలియదు. నీడలను పూతగా కాక చుక్కలతో చూపడం అచ్చుకు అనువుగా ఉంటుందని అలవాటైంది. 1806లో విలియం వొలాస్టన్ పేటెంటు పొందిన కెమెరా లూసిడా అనే అద్దపు సాధనం, కంటి ముందున్న వస్తువును కాగితం మీద పడినట్టు చూపి, కొలత తప్పకుండా గీసుకునే వీలు కల్పించింది. సూక్ష్మదర్శినికి తగిలించిన అలాంటి సాధనాలను ఇప్పటికీ వాడుతున్నారు.

రంగు వేరే సంగతి. చేప నీళ్లలోంచి బయటికొచ్చిన కాసేపటికే రంగు మారుతుంది. ఫార్మలిన్‌లోనో సారాయిలోనో పెడితే ఎరుపు, పసుపు పోయి గోధుమవన్నె మిగులుతుంది. అందుకే పడవ మీదనే రంగులు గుర్తు రాసుకోవడం, నీటిరంగులతో వెంటనే ఒక చిత్తు వేసుకోవడం పాతకాలం నుంచి ఉన్న ఆచారం.

ఫోటోలు వచ్చాక గీతలెందుకని అడిగేవాళ్లున్నారు. ఫోటోలో ఉండేది ఒక్క చేప: దానికి తగిలిన దెబ్బ, దాని తిండి, ఆనాటి వెలుతురు అన్నీ అందులో పడతాయి. పటంలో ఉండేది జాతి. పది చేపలను చూసి, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదాన్ని ఏరి, అడ్డం వచ్చేదాన్ని వదిలి గీసినది అది. ఆ ఏరడంలోనే చిత్రకారుని శాస్త్రజ్ఞానం ఉంది.

తాబేళ్లను తీసుకుంటే ఇది బాగా తెలుస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలు ఏ జాతిదో చెప్పడానికి దాని పైచిప్ప మీద నడుమ వరుసకు రెండు పక్కలా ఉన్న పలకలను లెక్కపెడతారు. పచ్చ తాబేలుకూ హాక్స్‌బిల్ తాబేలుకూ నాలుగేసి జతలు. లాగర్‌హెడ్‌కు ఐదు. మన తీరానికి ఎక్కువగా వచ్చే ఆలివ్ రిడ్లేకు సాధారణంగా ఆరు, అంతకన్నా ఎక్కువ. ఒక పక్క ఆరు, మరో పక్క ఏడు ఉండటమూ మామూలే. పచ్చ తాబేలునూ హాక్స్‌బిల్‌నూ వేరుచేయాలంటే కళ్ల మధ్య పలకలు చూడాలి: మొదటిదానికి ఒక జత, రెండోదానికి రెండు జతలు. లెదర్‌బ్యాక్‌కు పలకలే ఉండవు. తోలులాంటి చర్మం మీద పొడుగునా గట్లుంటాయి. ఎంతో ముచ్చటగా రంగులు వేసిన ఆలివ్ రిడ్లే బొమ్మకు ఐదు జతల పలకలు గీస్తే, అది చూసి నేర్చుకున్న కుర్రవాడు నిజమైన ఆలివ్ రిడ్లే ముందు నిలబడి తడబడతాడు. గోడపత్రికల మీద, పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి బొమ్మలు తరచు కనిపిస్తాయి. ఇది చిన్న తప్పుగా కొట్టిపారేయదగింది కాదు.

అంబాయినా నుంచి విశాఖపట్నం దాకా

1719లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లూయీ రెనార్ ప్రచురించిన చేపల పుస్తకం రంగుల బొమ్మలతో వచ్చిన తొలి చేపల గ్రంథాల్లో ఒకటి. ఇందులోని చాలా బొమ్మలు ఈస్ట్ ఇండీస్‌లోని అంబాయినా ద్వీపంలో సామ్యూల్ ఫాలూర్ వేసినవి. చేపల ఒంటి మీద లేని చారలు, నమ్మశక్యం కాని రంగులు, చివరికి ఒక మత్స్యకన్య కూడా ఇందులో ఉన్నాయి. అయినా ఈ పుస్తకాన్ని పూర్తిగా పక్కన పెట్టలేం. అలంకారాన్ని ఒలిచి చూస్తే చాలా చేపలు ఇప్పటికీ జాతి గుర్తుపట్టేలా ఉన్నాయి. యూరప్‌లో 1782 నుంచి 1795 దాకా మార్కస్ బ్లాక్ వెలువరించిన 432 పటాలు దీనికన్నా ఎంతో నమ్మదగ్గవి. కోరమాండల్ తీరంలోని తరంగంబాడి నుంచి క్రైస్తవ ప్రచారకుడు క్రిస్టోఫ్ సామ్యూల్ జాన్ పంపిన చేపలు వాటిలో ఉన్నాయి.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన పుస్తకం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు అన్నది దాని పేరులోనే ఉంది. రచయిత పాట్రిక్ రసెల్ స్కాట్లాండ్ వైద్యుడు. రక్తపింజర జాతి పాముకు ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. 1780లలో విశాఖపట్నంలో ఉంటూ, ఈస్ట్ ఇండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తూ, ఆయన రేవుకొచ్చిన చేపలను భారతీయ చిత్రకారుల చేత గీయించాడు. అంతకన్నా మంచి పని మరొకటి చేశాడు. ప్రతి చేపకూ ఇక్కడి మత్స్యకారులు పిలిచే పేరు ఏదో అడిగి, తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. తర్వాత పారిస్‌లో జార్జ్ క్యూవియే ఆ పటాలనూ ఆ పేర్లనూ ఆధారం చేసుకుని కొత్త జాతులకు శాస్త్రీయ నామాలు పెట్టాడు. స్కాంబరాయిడిస్ తాల, స్కాంబరాయిడిస్ తోల్ అనే పార చేపలు, లెప్టురకాంతస్ సవాల అనే సావడ చేప ఆ దారిలో వచ్చినవే. విశాఖ రేవులో ఎవరో మత్స్యకారుడు చెప్పిన మాట ఈ రోజు ప్రపంచమంతటా చేపల జాబితాల్లో ఉంది. విద్యుత్తుతో చేతిని తిమ్మిరెక్కించే టెంకి జాతి చేపకు రసెల్ రాసుకున్న పేరు తిమిరి. నల్ల తిమిరి ఇంకొకటి. చేపను ముట్టుకున్నవాడు పెట్టిన పేరని వినగానే తెలుస్తుంది.

ఆ తర్వాత మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ డే మలబారు చేపల మీద 1865లో, భారతదేశపు చేపల మీద 1875 నుంచి 1878 దాకా పటాలతో గ్రంథాలు వెలువరించాడు. రెండో దాన్ని మన మత్స్యశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ తెరిచి చూస్తారు.

మన సముద్రాల్లోని లోతు నీళ్ల జీవులు ఇన్వెస్టిగేటర్ ఓడతో వెలుగులోకి వచ్చాయి. ఇది బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ సర్వే చేసిన ప్రభుత్వ నౌక. 1888 నుంచి కొన్నేళ్లు ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్ ఇందులో వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. పైకి లాగేసరికి ఒత్తిడి తగ్గి కళ్లు ఉబ్బి, చర్మం చిట్లిన చేపలను కలకత్తాలో ఏ.సి.చౌధరి, ఎస్.సి.మండల్ బొమ్మలుగా మార్చారు. 1892 నుంచి విడతలు విడతలుగా వచ్చిన ఆ పటాల్లోని గీతల నాణ్యత యూరప్‌లో అప్పట్లో అచ్చయిన దేనికీ తీసిపోదు. మన చిత్రకళా చరిత్రలు రాసేవాళ్లు ఈ ఇద్దరినీ పట్టించుకోకపోవడం అన్యాయం.

అంతకు ముందే బ్రిటన్ నుంచి ఛాలెంజర్ ఓడ 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలను చుట్టి వచ్చింది. జాన్ జేమ్స్ వైల్డ్ దాని చిత్రకారుడు. ఆ ఓడ తెచ్చిన రేడియోలేరియా అనే సూక్ష్మ జీవులను ఎర్నెస్ట్ హెకెల్ వర్ణించాడు. 1899 నుంచి 1904 దాకా ఆయన వెలువరించిన వంద పటాలు అలంకార కళను, భవన నిర్మాణాన్ని కూడా ప్రభావితం చేశాయి. అయితే హెకెల్ సౌష్ఠవాన్ని ప్రేమించినవాడు. ప్రకృతిలో కొంచెం వంకరగా ఉన్నదాన్ని ఆయన పటం సరిచేసి చూపుతుంది. అందానికి అవి శిఖరం. జీవిని కొలవడానికి మాత్రం జాగ్రత్తగా వాడవలసినవి.

ఎవరూ చూడని చోట

1934 ఆగస్టు 15న బెర్ముడా దగ్గర విలియం బీబీ, ఆటిస్ బార్టన్ బాతిస్ఫియర్ అనే ఉక్కు గోళంలో కూర్చుని 923 మీటర్ల లోతుకు దిగారు. అంత లోతున బతికున్న జీవులను కంటితో చూసిన మొదటి మనుషులు వాళ్లే. కిటికీలోంచి కనిపించినది బీబీ టెలిఫోనులో చెబుతుంటే, పైన ఓడ మీద గ్లోరియా హాలిస్టర్ రాసుకునేది. ఆ మాటలను పట్టుకుని ఎల్స్ బోస్టెల్‌మన్ అనే చిత్రకారిణి చేపలను గీసింది. లోతులో కాంతి ఎలా చచ్చిపోతుందో తెలుసుకోవడానికి ఆమె శిరస్త్రాణం తగిలించుకుని ఒడ్డు దగ్గరి నీళ్లలోకి దిగి, నీటి అడుగునే బొమ్మలు వేసేది. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ఆ బొమ్మలు చూసినవాళ్లకు లోతు సముద్రం మొదటిసారి ఒక చోటుగా, జీవులు తిరిగే చోటుగా కనిపించింది.

బీబీ తాను చూసిన కొన్ని చేపలకు నమూనా ఏదీ చేతికి రాకుండానే శాస్త్రీయ నామాలు పెట్టాడు. ఒంటి పక్కన లేత నీలి దీపాల వరుస ఉన్న ఆరడుగుల చేప బాతిస్ఫేరా ఇంటాక్టా వాటిలో ఒకటి. దాన్ని ఆ తర్వాత ఎవరూ చూడలేదు. మరో చేప విషయంలో కార్ల్ హబ్స్ అనే చేపల శాస్త్రజ్ఞుడు, అది మెరిసే జెల్లీ లాంటి జీవి అయ్యుంటుందనీ, కిటికీకి ముఖం ఆనించిన బీబీ ఊపిరి ఆవిరై అద్దానికి పట్టడంతో దాని వెలుగులు చెదిరి కనిపించి ఉంటాయనీ అన్నాడు. బోస్టెల్‌మన్ ప్రతిభను ఎవరూ శంకించలేదు. చిక్కంతా మరొక చోట ఉంది: చూసింది ఎంత, పూరించింది ఎంత అన్నది ఆ పటాల మీద రాసి లేదు. ఇప్పటి మంచి చిత్రకారులు తెలిసిన భాగాన్ని నిండు గీతతోనూ ఊహించిన భాగాన్ని తెగిన గీతతోనూ చూపుతారు. ఈ ఒక్క అలవాటు చాలా వివాదాలను ముందే తప్పిస్తుంది.

తిమింగలాల విషయంలో పొరపాటు వందల ఏళ్లు సాగింది. ఒడ్డున పడి లోపల వాయువులు పుట్టి ఉబ్బిన కళేబరాలను చూసి గీసినందువల్ల, గొంతు కింద ముడతలుండే తిమింగలాలు పాత పటాల్లో పెద్ద సంచి వేలాడేసుకుని కనిపిస్తాయి. ఈదుతున్నప్పుడు అవి సన్నగా, పొడుగ్గా ఉంటాయి. నీటి అడుగున కెమెరాతో దిగడం అలవాటయ్యాక గానీ ఈ రూపం దిద్దుకోలేదు.

లెక్కలో బొమ్మ పాత్ర

చేపల రేవులో తెల్లవారుజామున పడవలు వచ్చేసరికి, గంపల్లో ఏ జాతి ఎంతుందో రాసుకునే మనిషి ఒకడుంటాడు. కొచ్చిలోని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో ఏర్పడింది. దేశమంతటా కొన్ని రేవులను, కొన్ని రోజులను, కొన్ని పడవలను నమూనాగా ఎంచుకుని మొత్తం పట్టుబడిని అంచనా వేసే పద్ధతిని అది నడుపుతోంది. విశాఖపట్నంలోనూ దాని కేంద్రం ఉంది. ఈ అంచనాలన్నీ ఆ మనిషి చూపు మీద నిలబడతాయి. వంజరం, చందువ లాంటివి ఎవరైనా చెబుతారు. గొరకల్లో, కారల్లో ఒకదాన్ని పోలిన జాతులు ఎన్నో ఉన్నాయి. వాటిని విడదీయలేకపోతే అన్నీ ఒకే పేరు కింద పడతాయి. అప్పుడు ఒక జాతి పూర్తిగా మాయమై, దాని చోటికి మరొకటి వచ్చినా లెక్కలో ఏమీ కనిపించదు.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ అవసరం కోసమే జాతుల గుర్తింపు పత్రాలను తయారుచేయించింది. బంగాళాఖాతం చేరిన తూర్పు హిందూ మహాసముద్ర ప్రాంతానికి 1974లో, పశ్చిమ హిందూ మహాసముద్రానికి 1984లో అవి వచ్చాయి. నలుపు తెలుపు గీతలు, గుర్తు చూపే బాణాలు, పక్కన దాన్ని పోలిన జాతితో తేడా. కళాప్రదర్శనల్లో ఎవరూ పెట్టని ఈ బొమ్మలు హిందూ మహాసముద్రపు చేపల గణాంకాలకు చేసిన మేలు ఏ ఘనమైన తైలవర్ణ చిత్రమూ చేయలేదని నా నమ్మకం.

నీటి వాలున కొట్టుకుపోయే చిన్న జీవులైన ప్లవకాల దగ్గర ఈ సంబంధం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. అలిస్టర్ హార్డీ 1925–27లో డిస్కవరీ ఓడ మీద అంటార్కిటిక్ వెళ్లినప్పుడు, ఓడ వెనక కట్టి లాగే ఒక పరికరాన్ని తయారుచేశాడు. నీళ్లు దాని గుండా పోతుంటే పట్టుగుడ్డ చుట్ట మెల్లగా విప్పుకుంటూ ప్లవకాలను పట్టుకుంటుంది. 1931 నుంచి సరకు ఓడల వెనక ఉత్తర సముద్రంలో, తర్వాత అట్లాంటిక్‌లో దాన్ని క్రమంగా లాగుతూ వచ్చారు. ప్రపంచంలోకెల్లా పొడవైన సముద్ర జీవ పరిశీలనల్లో ఇది ఒకటి. ప్రయోగశాలకు వచ్చిన పట్టుగుడ్డ ఎంత పచ్చగా ఉందో చూసి పచ్చదనం లేనిది, చాలా లేత పచ్చ, లేత పచ్చ, పచ్చ అని నాలుగు తరగతులుగా రాస్తారు. పరికరాలు ఎన్ని మారినా దశాబ్దాలుగా ఈ పద్ధతిని మార్చలేదు. మారిస్తే పాత లెక్కతో కొత్త లెక్క కలవదు. హార్డీ స్వయంగా చక్కని నీటిరంగుల చిత్రకారుడు. రంగును ఒక కొలతగా నమ్మడం ఆయన పనిలో అడుగడుగునా కనిపిస్తుంది.

ఆ పట్టుగుడ్డ మీద చిక్కిన కలనస్ అనే బియ్యపుగింజంత జీవుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి చల్లని నీళ్లది, రెండోది వెచ్చని నీళ్లది. చూపుకు రెండూ ఒకటే. ఐదో కాలి లోపలి అంచు వంపును చూసి వేరుచేస్తారు. ఎవరో ఒకరు ఆ వంపును సరిగ్గా గీసిపెట్టారు గనుకనే, చల్లని నీళ్ల జాతి తగ్గి వెచ్చని నీళ్ల జాతి ముందుకొస్తోందని తెలిసింది. 1960 నుంచి 1999 మధ్య ఈశాన్య అట్లాంటిక్‌లో, కలనస్ చేరే కోపెపాడ్ అనే వర్గంలోని వెచ్చని నీళ్ల జీవులు ఉత్తరానికి సుమారు 10 డిగ్రీల అక్షాంశం జరిగాయని 2002లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. ఉత్తర సముద్రపు కాడ్ చేప పిల్లలకు తిండి ఆ చల్లని నీళ్ల కలనసే. కాబట్టి ఆ సన్నని వంపు వెనక ఒక పెద్ద మత్స్య పరిశ్రమ భవిష్యత్తు ఉంది.

పగడాలకు రంగుల పట్టీ ఉంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన కోరల్‌వాచ్ కార్యక్రమంలో, నీళ్లలో తడవని అట్ట మీద ముదురు నుంచి లేత దాకా ఒక్కో రంగుకు ఆరేసి ఛాయలు ముద్రించి ఉంటాయి. పగడం పక్కన పెట్టి ఏ ఛాయకు సరిపోతే ఆ అంకె రాయాలి. సముద్రపు వేడి పెరిగితే పగడం తనలోని శైవలాలను వదిలేసి తెల్లబారుతుంది, అంకె పడిపోతుంది. ఫోటో తీసి తర్వాత చూద్దామంటే కుదరదు. నీరు ఎరుపును ముందుగా మింగేస్తుంది, పది మీటర్ల లోతుకే అంతా నీలం. పక్కన పెట్టిన పట్టీ మీద కూడా అదే నీలం పడుతుంది కనుక పోలిక చెడదు. బడిపిల్లలు కూడా చేయగల కొలత ఇది.

పేరున్న జీవులు

జాతిని గుర్తించడం ఒక ఎత్తు, ఒక్కొక్క జీవినీ విడిగా గుర్తించడం మరొక ఎత్తు. హంప్‌బ్యాక్ తిమింగలం తోక అడుగున నలుపు తెలుపు మచ్చలు, మంటా టెంకి పొట్ట మీది మచ్చలు, తాబేలు చెంప మీది పలకల అమరిక ఒకదానికున్నట్టు మరొకదానికి ఉండవు. తిమింగల సొర మొప్పల వెనక తెల్ల చుక్కలు కూడా అంతే. ఆ చుక్కలను పోల్చడానికి 2005లో ప్రచురించిన పద్ధతి ఖగోళశాస్త్రం నుంచి వచ్చింది. ఆకాశం ఫోటోల్లో నక్షత్రాల అమరికను సరిపోల్చే గణితాన్ని చేప ఒంటికి అన్వయించారు.

హ్యాపీవేల్ అనే వేదికకు ప్రపంచం నలుమూలల నుంచి పర్యాటకులు, పరిశోధకులు పంపిన తోకల ఫోటోలతో ఉత్తర పసిఫిక్ హంప్‌బ్యాక్‌ల సంఖ్యను అంచనా కట్టారు. 2012లో సుమారు 33 వేలున్నవి 2021 నాటికి 27 వేలకు దిగువకు పడిపోయాయి. మధ్యలో 2014–16లో అక్కడి నీళ్లు విపరీతంగా వేడెక్కాయి. సెలవులకు వెళ్లినవాళ్లు సరదాగా తీసుకున్న ఫోటోలు ఇంత పెద్ద సాక్ష్యమవుతాయని ఎవరూ అనుకుని ఉండరు.

2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో ఒక తిమింగల సొర ఒడ్డుకు చిక్కింది. అటవీశాఖ సిబ్బంది, మత్స్యకారులు, వన్యప్రాణి కార్యకర్తలు కలిసి దాన్ని తిరిగి లోతు నీళ్లలోకి చేర్చారు. దాని ఫోటోలను గుర్తింపు కోసం మాల్దీవుల్లో తిమింగల సొరల మీద పనిచేసే పరిశోధన బృందానికి పంపారు. 2001లో ఈ జీవికి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చోటు దక్కింది.

పాత బొమ్మలు చెప్పే సంగతులు

ఒక తరం తాను చిన్నప్పుడు చూసిన సముద్రాన్నే అసలైన సముద్రమనుకుంటుంది. తర్వాతి తరం అంతకన్నా వట్టిపోయినదాన్ని చూసి అదే అసలైనదని అనుకుంటుంది. మత్స్యశాస్త్రజ్ఞుడు డేనియల్ పాలీ 1995లో ఈ మరుపును ఒక శాస్త్ర సమస్యగా గుర్తించాడు. దీనికి మందు పాత బొమ్మలే. ఫ్లోరిడాలోని కీవెస్ట్ రేవులో సరదా వేటకు వెళ్లివచ్చినవాళ్లు పట్టిన చేపలను వేలాడదీసి ఫోటోలు దిగడం ఆచారం. లోరెన్ మెక్‌క్లెనకన్ 1956 నుంచి 2007 దాకా ఉన్న అలాంటి ఫోటోల్లోని చేపలను కొలిచింది. సగటు బరువు 19.9 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయింది. చివరి ఫోటోల్లోని మనుషుల ముఖాల్లో సంబరం మాత్రం తగ్గలేదు.

జపానులో పట్టిన చేపకు సిరా రాసి కాగితం మీద అచ్చు తీసుకునే గ్యోతాకు అనే అలవాటు 19వ శతాబ్దం నుంచి ఉంది. చేప అసలు కొలత, చాలాసార్లు పట్టిన తేదీ, చోటు అందులో ఉంటాయి. ఇప్పుడు అరుదైపోయిన చేపలు ఒకప్పుడు ఎక్కడెక్కడ దొరికేవో వాటి నుంచి రాబట్టవచ్చని 2020లో జపాను పరిశోధకులు చూపారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో లియొపోల్డ్, రుడాల్ఫ్ బ్లాష్కా అనే తండ్రీకొడుకులు 19వ శతాబ్దంలో గాజుతో చేసిన ఆక్టోపస్‌లు, జెల్లీ చేపలు, సముద్రపు పువ్వులు కూడా అలాగే పనికొచ్చాయి. కార్నెల్ విశ్వవిద్యాలయపు గాజు బొమ్మలను జాబితాగా పట్టుకుని, వాటిలో ఏ జీవులు ఈ రోజు సముద్రంలో మిగిలాయో డ్రూ హార్వెల్ వెతుక్కుంటూ తిరిగింది.

ఫలితాన్ని చెప్పే బొమ్మలు

లెక్క తేలాక దాన్ని మంత్రికి, మత్స్యకారుడికి, బడిపిల్లకు చెప్పాలి. ఇక్కడ బొమ్మ పని మారుతుంది. అమెరికా చిత్రకారిణి జిల్ పెల్టో సాల్మన్ చేపల సంఖ్య పడిపోవడాన్ని చూపే గ్రాఫు గీతనే నీటి మట్టంగా చేసి, దాని కింద ఇరుకైపోతున్న నీళ్లలో చేపలను నీటిరంగులతో వేసింది. గీత నిజమైన గణాంకాల గీత, చేప చూడగానే గుర్తుపట్టే చేప. రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టవు. భూమి వేడెక్కడాన్ని చూపడానికి వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్ హాకిన్స్ 2018లో వేసిన ఉష్ణోగ్రత చారల్లో అంకెలు, గీతలు కూడా లేవు. నీలం నుంచి ఎరుపుకు సాగే నిలువు పట్టీలే.

మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒడిశాలోని చిలికా సరస్సు. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల సాయంతో చిలికా అభివృద్ధి సంస్థ 2012లో ఆ సరస్సుకు ఆరోగ్య పత్రం విడుదల చేసింది. నీటి శుభ్రత, చేపల పట్టుబడి, జీవవైవిధ్యం లాంటివాటికి మార్కులు వేసి, మొత్తానికి బి గ్రేడు ఇచ్చారు. ఇరావతి డాల్ఫిన్, పక్షులు, సముద్రపు గడ్డి అన్నిటికీ చిన్న చిన్న గుర్తుల బొమ్మలతో సరస్సు ఎలా పనిచేస్తుందో ఒకే పటంలో చూపారు. మార్కుల వెనక ఉన్న కొలతలు తెలియనివాళ్లకు కూడా ఏ మూల ఆరోగ్యం బాగాలేదో అర్థమవుతుంది.

ఈ రకం బొమ్మల్లో మోసం సులువు. గ్రాఫు అడుగు కోసి చిన్న తగ్గుదలను పాతాళంగా చూపవచ్చు. ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని మగవాళ్లు పలువురుంటారు, వాళ్లకు ఆ రెండు రంగుల మీద ఆధారపడిన పటం ఏమీ చెప్పదు. ముద్దొచ్చే జంతువులనే ఎంచుకోవడం మరొక లోపం. తాబేలు, డాల్ఫిన్ పక్కన బురదలో బతికే పురుగులకూ ఆల్చిప్పలకూ చోటు దక్కదు, తీరం ఆరోగ్యాన్ని ముందుగా చెప్పేవి అవే అయినా. ఇంకో లోపం చోటు తప్పడం. నారింజ రంగు క్లౌన్ చేప, రంగురంగుల పగడాలు ఉన్న గోడపత్రికను ఆంధ్ర తీరపు బడిలో అంటిస్తే, పిల్లలు తమ ఊరి సముద్రాన్ని అందులో వెతుక్కుని కనుక్కోలేరు.

తెలుగు తీరంలో

గోదావరి, కృష్ణ ఒండ్రుతో మన తీరం నీళ్లు మసకగా ఉంటాయి. నిర్మలమైన నీళ్లలో తీసిన ఫోటోలతో శిక్షణ పొందిన కంప్యూటర్ పద్ధతులను నేరుగా ఇక్కడ వాడటం కష్టం. మాంటెరీ బే అక్వేరియం పరిశోధన సంస్థ వాళ్ల ఫాథమ్‌నెట్ లాంటి బొమ్మల భాండాగారాలు ప్రపంచానికి తెరిచి ఉన్నాయి. అందులో మన జీవులు చేరాలంటే మన నీళ్లలో తీసిన ఫోటోలకు మనవాళ్లే పేర్లు పెట్టాలి.

కొన్ని చోట్ల పని మొదలైంది. విశాఖపట్నం రాతి తీరంలో ఆటు సమయాన బయటపడే గుంటల దగ్గరికి ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే బృందం జనాన్ని తీసుకెళ్లి, సముద్రపు పువ్వులను, పీతలను, రాళ్లను అంటుకునే నత్తలను చూపుతోంది. ముంబయిలో 2017లో మొదలైన మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబయి కూడా ఇలాంటిదే. ఐనాచురలిస్ట్ లాంటి వేదికల మీద తేదీ, చోటుతో సహా పెట్టిన ఫోటో ఒక పరిశీలన అవుతుంది. అవి లేని ఫోటో జ్ఞాపకంగా మిగులుతుంది.

తాబేళ్ల పరిశీలనలో బొమ్మ మరీ నేరుగా పనిచేస్తుంది. కొట్టుకొచ్చిన కళేబరం వివరాలు నింపే ఫారాల్లో చాలావాటి మీద తాబేలు పైవైపు, కిందివైపు రూపురేఖలు ముద్రించి ఉంటాయి. దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ బొమ్మ మీదనే గుర్తు పెట్టాలి. మరబోటు వలలో ఊపిరాడక చచ్చినదానికి పైకి గాయాలు కనిపించకపోవచ్చు. పడవ చక్రం తగిలినదానికి చిప్ప మీద సమాంతరంగా కోతలుంటాయి. వందల ఫారాలు ఒకచోట చేర్చి చూస్తే, ఏ నెలలో ఏ తీరంలో దేనివల్ల చస్తున్నాయో కొంతవరకు తేలుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం చేపల సంతానోత్పత్తిని దృష్టిలో పెట్టుకున్నది. తాబేళ్లు గుడ్లు పెట్టేది ఎక్కువగా దానికి ముందు నెలల్లో. ఈ తేడాను ఒకే పటం మీద నెలలవారీగా గీసి చూపితే మత్స్యకారుల సభల్లో గంట ఉపన్యాసం అక్కర్లేదు.

ఒడిశాలోని ఋషికుల్య, గోపాల్‌పూర్, పూరీ తీరాల్లో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులున్నారు. ఆలివ్ రిడ్లేలు వేలాదిగా ఒకేసారి ఒడ్డెక్కే ఋషికుల్య పరిసరాల్లో ఒడియాతో పాటు తెలుగులోనూ బొమ్మల పత్రాలు ఉండాల్సింది అందుకే. చేపల పేర్లు శ్రీకాకుళంలో ఒకటి, కాకినాడలో ఒకటి, నెల్లూరులో మరొకటి. ఒక రేవు వాడుకను మాత్రమే అచ్చువేసిన గుర్తింపు పుస్తకం పక్క జిల్లా రేవులో తప్పు లెక్కలు రాయిస్తుంది. పటం పక్కన శాస్త్రీయ నామంతో పాటు ఈ పేర్లన్నీ, ఏది ఎక్కడి వాడుకో చెబుతూ వేయాలి. వాటిని సేకరించడానికి రేవుకే వెళ్లాలి, చేపను చేతిలో పట్టుకుని అడగాలి.